కూసునే గదికి సర్టిఫికెట్

నాకు కోపం ఎక్కువ. ఓపికగా వినడమే ఉద్యోగమైన మనిషికి ఇంత కోపమేమిటని మా ఆయన నవ్వుతాడు. దవాఖానాలో ఖర్చు కాని కోపమంతా ఇంటికి పట్టుకొస్తావు అంటాడు. అందులో నిజం లేకపోలేదు. కానీ ఈ రెండేళ్లుగా నాకున్న కోపం ఇంటికి మోసుకుపోయేంత చిన్నది కాదు. అదంతా ఒక సర్టిఫికెట్ మీద. రాలేదని కాదు, వచ్చిందని.

భద్రాచలం దాటాక చర్లకు పోయే రోడ్డు పక్కన మాదొక చిన్న మిషన్ దవాఖానా. ఇరవై ఏళ్ల పైమాటే నేను అందులో చేరి. పుట్టిల్లు అశ్వారావుపేట. మా నాన్నవాళ్లు కోస్తా నుంచి వచ్చి అక్కడ పొలం కొనుక్కున్నవాళ్లు కాబట్టి నా మాట సగం అటు, సగం ఇటు. "అక్కది పామాయిల్ తోటల తెలుగు" అని వార్డులో ఏడిపిస్తారు. నా పని రోగుల దగ్గర కూర్చోవడం. ప్రార్థన చేయమంటే చేస్తాను, వద్దంటే మానేస్తాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది మా గుడికి రానివాళ్లే, ఆ సంగతి నేనెప్పుడూ అడగలేదు. చెడ్డ కబురు చెప్పాల్సి వచ్చినప్పుడు డాక్టరుగారి పక్కన నిలబడతాను. ఆయన చెప్పేసి వెళ్లిపోయాక నేను అక్కడే ఉంటాను. ఇలా ఉండిపోవడానికి ఇంగ్లీషులో పాస్టరల్ కౌన్సెలింగ్ అనే పేరుందని నాకు చాలా ఏళ్ల దాకా తెలియదు.

పిల్లల వార్డు పక్కన పాత దుప్పట్లు పెట్టే గది ఒకటుండేది. దాన్ని ఖాళీ చేసి నాకిచ్చారు. ఒక చాప, ఎవరూ కూర్చోని రెండు ప్లాస్టిక్ కుర్చీలు, బోరింగు వైపు ఒక కిటికీ. ఆ గదికి మేమెవరం పేరు పెట్టలేదు. వచ్చేవాళ్లే పెట్టుకున్నారు. "అక్క ఏడుంది?" అంటే "కూసునే గదిల ఉంది" అనేవారు. ఇంజక్షన్ గది, కాన్పుల గది, కూసునే గది. అంతకంటే మంచి పేరు నాకిప్పటికీ తోచలేదు.

నా పనిముట్లు రెండే. ఒకటి దూది. నర్సులకు కావలసిన దూది ఉండలు నేనే చేసిపెట్టేదాన్ని. ఎదుటి మనిషి ముఖంలోకి చూస్తూ కూర్చుంటే ఎవరూ నోరు విప్పరు. చేతిలో పని ఉంటే మాట దానంతట అదే వస్తుంది. వచ్చినవాళ్ల ముందు కూడా ఇంత దూది పెడితే, పత్తి తీసిన చేతులు కాబట్టి నాకంటే నున్నగా చుట్టేవారు. రెండోది ఊఁ. మన ఇళ్లలో కథ చెప్పేవాళ్లకు ఊఁ కొట్టేవాళ్లు ఉండాలి కదా. పక్కలో పిల్ల ఊఁ అనడం మానేసిందంటే నిద్రపోయిందని లెక్క, అమ్మ కథ ఆపేస్తుంది. పెద్దవాళ్ల కష్టానికీ అంతే. ఊఁ అంటూ ఉంటే అది నడుస్తుంది. మధ్యలో మనం తెలివి చూపించామా, ఆగిపోతుంది.

ఇక ఆమె సంగతి చెప్పాలి. ఈ గోలంతా ఆమె కోసమే పడ్డాను.

మూడేళ్ల కింద, వానల్లో, ఒక మధ్యాహ్నం చర్ల అవతలి గూడెం నుంచి ఒక తల్లి నాలుగేళ్ల ఆడపిల్లను వీపున కట్టుకుని వచ్చింది. వెంట అత్తగారు. ఇద్దరూ నడుము దాకా బురద. ఆ తల్లి మెట్లెక్కుతూ ఏదో చెబుతూనే ఉంది, వాళ్ల భాషలో. నాకు ఆ భాష సగం కూడా రాదు. వీపు మీద గుడ్డ ముడి విప్పి పిల్లను అందుకున్నది నేనే. అందుకున్న చేతికి తెలిసిపోయింది. డాక్టరుగారు చూసి, తల అడ్డంగా ఊపారు. ఆమె ఇంకా చెబుతూనే ఉంది. ఏడుపులో అలా గొణుక్కుంటోందనుకుని, "ఊరుకో తల్లీ, ఊరుకో" అన్నాను, అందరం అనేదే. ఆమె ఊరుకుంది.

రెండు నెలలకు ఒక సంత రోజున ఆమె ఒక్కతే వచ్చి గది గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మన్నాను. చాప మీద కూర్చుని దూది ముందుకు లాక్కుంది. ఆ రోజు ఒక్క మాట లేదు. తరువాతి సంతకూ లేదు. ఐదారు సంతలు అలాగే గడిచాక, వచ్చీరాని తెలుగులో మొదలుపెట్టింది. పిల్లకు జ్వరం, ఇంట్లో మొగుడు లేడు, వాన, అత్తా తానూ బయల్దేరారు. "వాగు కాడికి వచ్చినం" అనేది. అక్కడ ఆగిపోయేది. లేచి, కొంగు దులుపుకుని, సంతకు పోయేది. మళ్లీ వచ్చే వారం మళ్లీ మొదటి నుంచి, మళ్లీ వాగు దాకా. ఏడాది పాటు నేను ఆ వాగు ఒడ్డున ఊఁ కొడుతూ కూర్చున్నాను. ఏదో ఒక రోజు ఆమె దాన్ని దాటుతుంది, దాటిన రోజు నేను అక్కడ ఉండాలి, అంతే నాకు కావలసింది.

అప్పుడొచ్చింది ఆ కాగితం. మా డాక్టరుగారు పిలిచి, దవాఖానాకు గుర్తింపు కోసం తనిఖీ ఉంటుందనీ, రోగులతో మాట్లాడే ప్రతి మనిషికీ అర్హత పత్రం ఉండాలనీ చెప్పారు. నర్సులకు ఉంది, ల్యాబులో అమ్మాయికి ఉంది, నాకు లేదు.

"ఇరవై ఏళ్లుగా చేస్తున్నాను కదండీ" అన్నాను.

"ఇరవై ఏళ్లుగా చేస్తున్నారని రాసిన కాగితం కావాలండీ" అన్నారాయన. మంచివాడే. గదిని ఎలాగైనా నిలబెట్టాలనే ఆయన తాపత్రయం కూడా. పత్రం లేకపోతే నన్ను వార్డులోకి రానివ్వరు, గది బీమా కౌంటరుకు పోతుంది. పాస్టరల్ కౌన్సెలర్లకు ఒక అసోసియేషన్ ఉందట. అందులో సభ్యత్వం తీసుకుని, వాళ్ల పరీక్షలు దాటితే సర్టిఫికెట్ ఇస్తారట. సభ్యత్వంలోనూ మెట్లున్నాయి. ముందు విద్యార్థి సభ్యురాలు, తరువాత అసోసియేట్ సభ్యురాలు, ఆ పైన ధ్రువీకృత సభ్యురాలు. యాభై దాటిన నేను కూతురి వయసువాళ్లతో పాటు విద్యార్థి సభ్యురాలినయ్యాను.

ఫారం చూస్తే తల ప్రాణం తోకకొచ్చింది. మీ క్లయింట్లు ఏ సంఘానికి చెందినవారు? ఎన్ని సెషన్లకు ఎంత మెరుగుదల? క్లయింటు లక్ష్యం ఏమిటి? గుండెనొప్పితో మొగుడు పోయిన మనిషి లక్ష్యం ఏమిటని రాయను? అన్నిటికంటే ముఖ్యమైనది వెర్బాటిమ్ అన్నారు. అంటే, జరిగిన సంభాషణను ఉన్నది ఉన్నట్టు రాసి పంపడం. కాగితం మీద మూడు కాలమ్‌లు. క్లయింట్ అన్నది, కౌన్సెలర్ అన్నది, అప్పుడు కౌన్సెలర్ మనసులో అనిపించింది. అలాంటివి పది కావాలి. వాటిని దిద్దడానికి పట్నంలో ఒక పెద్దాయనను నాకు సూపర్‌వైజరుగా వేశారు. రిటైరైన ఫాదరు, ఫోనులోనే పాఠం. మా దగ్గర ఫోను అందేది నీళ్ల ట్యాంకు మెట్ల మీద, పై నుంచి నాలుగో మెట్టు దగ్గర. అక్కడ కూర్చుని గొడుగు పట్టుకుని నేను పాఠం విన్నాను.

ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు కాబట్టి ఉన్నది ఉన్నట్టే రాశాను. కాలు తీసేసిన ఒక ట్రాక్టరు డ్రైవరు నాతో మాట్లాడిన ముప్పావు గంట. ఎడమ వైపు కాలమ్ పేజీలకు పేజీలు నిండింది. మధ్య కాలమ్‌లో పై నుంచి కింది దాకా ఊఁ, ఊఁ, ఊఁ. ఒకచోట "అయ్యో". ఒకచోట "నీళ్లు తాగుతావా".

పెద్దాయన ఫోను చేశారు. "అమ్మా, మీ కాలమ్‌లో ఏమీ లేదు."

"ఊఁ ఉంది కదండీ."

"ఊఁ అంటే ఏమిటి? ఒప్పుకున్నట్టా, అడిగినట్టా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. ట్యాంకు మెట్టు మీద కూర్చుని ఆయనకు ఊఁలన్నీ వరసగా అని వినిపించాను. అవునా అనే ఊఁ వేరు, ఆ తరువాత అనే ఊఁ వేరు. నువ్వు అబద్ధమాడుతున్నావని నాకు తెలుసు కానీ కానియ్యి అనే ఊఁ ఒకటి, నాకూ ఏడుపొస్తోంది ఆగు అనే ఊఁ ఒకటి. కింద బోరింగు దగ్గర నీళ్లు పట్టుకుంటున్న ఆడవాళ్లు బిందెలు వదిలేసి తలెత్తి చూశారు. "అక్కకేమైంది?" అని ఒకామె అడగడం నాకు వినబడింది.

పెద్దాయన ఓపికగా విన్నారు, అది ఒప్పుకోవాలి. విని, "ఇవన్నీ కాగితం మీద ఒకేలా కనిపిస్తాయమ్మా. బోర్డుకు స్పందన కనిపించాలి" అన్నారు. నమూనా పంపిస్తానన్నారు, పంపించారు. అందులో క్లయింటు ఏదో అంటాడు, కౌన్సెలరు "మీరు చాలా బాధపడుతున్నట్టు నాకు వినిపిస్తోంది" అంటుంది. ఆ మాట ఇంగ్లీషులో ఎలా ఉంటుందో నాకు తెలియదు. మా వార్డులో ఎవరితోనైనా అంటే, చెవుల డాక్టరుకు చూపించుకో అక్కా అంటారు.

మూడుసార్లు ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను, మూడుసార్లూ తిరిగొచ్చింది. నాలుగోసారి ఒళ్లు మండి, నమూనా ముందు పెట్టుకుని, కుట్టుపని చేసినట్టు కుట్టేశాను. డ్రైవరు నోట్లో నాలుగు వాక్యాలు, నా నోట్లో నాలుగు వాక్యాలు. నేను జన్మలో అనని మాటలు. "మీ కోపం వెనక ఏముందో చూద్దామా?" అని రాశాను. ఆ డ్రైవరు కోపం వెనక అతని ట్రాక్టరును గుద్దిన లారీ ఉంది, అది అందరికీ తెలుసు. అది పాసైంది. చాలా ఎదుగుదల కనిపించిందని పెద్దాయన మెచ్చుకున్నారు. నిజం రాసినవన్నీ తిరిగొచ్చాయి, అబద్ధం రాసినవన్నీ పాసయ్యాయి. ప్రార్థన చేసే మనిషిని, పది అబద్ధాలు రాసి సంతకాలు పెట్టాను. దేవుడు అర్థం చేసుకున్నా నాకు మాత్రం సిగ్గుగానే ఉంది.

ఆఖరుది పెద్ద కేసు. ఒకే మనిషితో ఏడాది పాటు చేసిన పని గురించి రాయాలి, ఆ మనిషి సమ్మతి పత్రం మీద సంతకమో వేలిముద్రో పెట్టాలి. ఏడాది నుంచి నా దగ్గరికి వస్తున్నది ఆమె ఒక్కతే. ఇంకు పెట్టె కొంగులో దాచుకుని ఒక సంత రోజు ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె దూది చుడుతోంది. ఆ రోజూ వాగు దాకా వచ్చింది. ఇంకు పెట్టె బయటికి తీయడానికి నాకు చెయ్యి రాలేదు. అటవీ భూముల కాగితాలనీ, సర్వేలనీ వాళ్ల గూడెంలో ఎన్నిసార్లు వేలిముద్రలు తీసుకున్నారో, ఒక్కో ముద్ర తరువాత ఏమేం పోయాయో నేను ఆయా నోట విని ఉన్నాను. మా ఆయా ఆ పక్క ఊరిదే. ఆ తల్లి బొటనవేలు నా సర్టిఫికెట్‌కు వద్దనుకున్నాను. ఇంటికి పోయి, లేని మనిషిని ఒకామెను సృష్టించి, ఆరు సెషన్లలో ఆమె దుఃఖం తీర్చేసి, మా ఆయన చేత ఎడమచేత్తో సంతకం పెట్టించాను. ముగింపు చాలా బాగుందని రాశారు పెద్దాయన.

నోటి పరీక్ష కూడా ట్యాంకు మెట్ల మీదే అయింది. ఫోను తెరలో బోర్డువాళ్లు ముగ్గురు, లైనులో మా పెద్దాయన. నడిమి ఆవిడ అడిగారు, "మీరు ప్రధానంగా ఏ పద్ధతి వాడతారు?"

"దూది" అన్నాను. గాభరాలో నిజం వచ్చేసింది.

తెరలో ముగ్గురూ కదలకుండా ఉండిపోయారు. సిగ్నలు పోయిందేమో అనుకున్నాను. అంతలో మా పెద్దాయన గొంతు సవరించుకుని, చేతిపని ఆధారంగా చేసే పద్ధతి అని ఆమె ఉద్దేశం అన్నారు. ముగ్గురూ తలలూపి రాసుకున్నారు. పాసయ్యాను.

సర్టిఫికెట్ పోస్టులో వచ్చిన రోజు డాక్టరుగారు స్వీట్లు పంచారు. నాకూ సంతోషంగానే ఉంది, కాదనను. గది మిగిలింది కదా. ఆమె వచ్చి కూర్చుంటుంది, వాగు ఉంటుంది, నేనుంటాను. పత్రం వెనక చిన్న అక్షరాల్లో నియమాలున్నాయి. ధ్రువీకృత సభ్యులు తమ పని స్థలం బయట, అందరికీ కనిపించేలా బోర్డు పెట్టాలి. సెషన్లు ఆ గదిలోనే జరగాలి, బయట జరిగినవి లెక్కకు రావు. డాక్టరుగారు ఉత్సాహపడి భద్రాచలంలో ఫ్లెక్సీ చేయించుకొచ్చారు. ఎర్ర అక్షరాలు, పక్కన నా ఫొటో. 'పాస్టరల్ కౌన్సెలింగ్ కేంద్రం'. గుమ్మం పైన కొట్టించారు.

మొదటి వారం వచ్చినవాళ్లు వీళ్లు. ఒక తండ్రి, కూతురి ర్యాంకు కార్డు పట్టుకుని, ఇంజనీరింగు సీట్ల కౌన్సెలింగ్ ఇక్కడేనా అని. ఒక పంతులుగారు, బదిలీల కౌన్సెలింగ్ మన దవాఖానాలో పెట్టారేమిటని. ఒక ముసలాయన, కళ్లజోడు ఎత్తి పట్టుకుని చదివి, "పోస్టల్ కౌన్సిలింగా? గిక్కడ ఆధారుకు ఫోన్ నంబర్ కలుపుతరా?" అని. ఒకావిడ తాగి ఉన్న మొగుణ్ణి చొక్కా పట్టుకుని ఈడ్చుకొచ్చి చాప మీద కూలేసింది.

"ఈనకు జర గట్టిగ కౌన్సిలింగ్ ఇయ్యి అక్కా" అంది.

"గట్టిగా అంటే?"

"నాలుగు తగిలియ్యి. టేషన్ల గట్లనే ఇస్తరంట గద."

ఆయన అప్పటికే రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. అప్పుడైనా నాకు బుర్ర వెలగాల్సింది. నవ్వొచ్చింది, నవ్వాను. ఇంటికి పోయి మా ఆయనకు చెప్పి ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ వారం సంతకు ఆమె రాలేదు. జ్వరమేమో అనుకున్నాను. తరువాతి సంతకూ రాలేదు. మూడో సంత రోజు, చుట్టిన దూది ఉండలు చుట్టినట్టే ఉండగా, ఆయాను పిలిచి అడిగాను.

"వచ్చింది గద అక్కా, మొదటి వారమే" అంది ఆయా. "గుమ్మం కాడ ఆగి, ఏం రాసిండ్రు అనడిగింది. కౌన్సిలింగు గది అని సదివి చెప్పిన. గంతే, ఎనకకు తిరిగి చూడకుండ పోయింది."

"ఎందుకు?"

ఆయా నన్ను చూసిన చూపు, ఇన్నేళ్లు ఇక్కడుండి ఇది తెలియదా అన్నట్టుంది. ఆమె మరిది చాలా ఏళ్ల కింద అడవిలోకి పోయాడట. అందుకని ఆమె మొగుణ్ణి నెలకోసారి స్టేషనుకు పిలిచి కూర్చోబెట్టి మాట్లాడతారు. పొద్దున పోతే ఏ సాయంత్రానికో వస్తాడు. ఆ గూడెంలో దాని పేరు కౌన్సెలింగ్. ఇంకో కౌన్సెలింగ్ వాళ్లకు తెలియదు.

వేలిముద్ర అడగకుండా కాపాడానని ఎంత మురిసిపోయానో, అంతా గుమ్మం మీద ఎర్రగా రాసి వేలాడుతోంది, పైగా నా నవ్వు ముఖంతో. తిన్నగా డాక్టరుగారి దగ్గరికి పోయి బోర్డు తీసేయమన్నాను. తనిఖీ అయ్యేదాకా కుదరదన్నారు. పేరు మార్చమన్నాను. "ఏమని మార్చాలండీ?" అన్నారు. కూసునే గది అన్నాను. ఆయన నవ్వలేదు గానీ, "అలాంటి విభాగం ఫారంలో లేదండీ. ఇదంతా మీ కోసమే కదా" అన్నారు. నా కోసమే అన్న మాట విన్నాక నాకొచ్చిన కోపం ఇన్నేళ్లలో ఎప్పుడూ రాలేదు. ఎవరి మీద చూపించాలో కూడా తెలియలేదు. అందరూ మంచివాళ్లే. పెద్దాయన మంచివాడు, డాక్టరుగారు మంచివాడు, తెరలో ముగ్గురూ రాసుకున్నారు, నేను పాసయ్యాను. ఆమె ఒక్కతే ఫెయిలైంది.

నాలుగో సంత రోజు కిటికీలోంచి చూస్తే ఆమె బోరింగు దగ్గర కాళ్లు కడుక్కుంటోంది. పని లేకుండా ఇటు రాదు, సంత అవతలి పక్క. గది వైపు మాత్రం చూడటం లేదు. సెషన్లు గదిలోనే జరగాలన్న నియమం నాకు గుర్తుకొచ్చింది, ఒట్టు. గుర్తుకొచ్చినందుకు ఇంకా మండింది. దూది చుట్ట చంకలో పెట్టుకుని, గదికి తాళం వేసి, పోయి బోరింగు గచ్చు మీద కూలబడ్డాను. ఆమె ఇంకాస్త దూరం జరిగింది. పోలేదు.

నీళ్ల వైపే చూస్తూ అడిగింది, "నిన్ను గూడ ఆళ్లే పెట్టిండ్రా అక్కా?"

ఇంక నా వల్ల కాలేదు. రెండేళ్లదీ బయటికొచ్చింది. లేదు తల్లీ అని మొదలుపెట్టి, ఫారం గురించి, మూడు కాలమ్‌ల గురించి, ట్యాంకు మెట్ల గురించి, ఊఁ అంటే ఏమిటని అడిగిన పెద్దాయన గురించి, లేని మనిషికి నేను తీర్చిన దుఃఖం గురించి, బోర్డు మీద ముఖం గురించి అంతా చెప్పాను. ఆమెకు ఎంత అర్థమైందో నాకు తెలియదు. సగం తెలుగు, సగం కోపం. ఎప్పుడో మధ్యలో ఆమె చెయ్యి చాచి దూది లాక్కుంది. నేను ఊపిరి తీసుకున్నచోటల్లా ఊఁ అంది. అది కూడా నేను కాసేపటికి గమనించాను. నేను చెప్పడం అయిపోయింది. బిందెలవాళ్లు పోయారు. ఆమె ఇంకో నాలుగు ఉండలు చుట్టింది.

"గా దినం గూడ మా ఆయిన కౌన్సిలింగుకే పోయిండు" అంది. "నేను, అత్త బయలెల్లినం. వాగు కాడికి వచ్చినం."

ఊఁ అన్నాను.

ఆగలేదు. నీళ్లు నడుముదాకా ఉన్నాయంది. అత్త చెయ్యి పట్టుకుందంది. పిల్ల కళ్లు మూసుకుంటుంటే, నిద్రపోతే లేవదేమోనని భయమేసి, కథ మొదలుపెట్టిందట. కుందేలు కథ, పిల్లకు తెలిసిందే. "చెప్తుంటె ఎనక నుంచి ఊఁ అంటనే ఉన్నది అక్కా. నీళ్లల్ల అన్నది. నడుమ రాళ్లకాడ అన్నది. ఒడ్డెక్కినంక అనలే."

ఆమె చేతులు దూది చుడుతూనే ఉన్నాయి.

"నిద్ర పోయిందేమో అనుకున్న. కథ ఆపితె నిజంగ పోతదని ఆపలే. రోడ్డు కాడిదాంక చెప్పిన. ఆటోల చెప్పిన. మీ మెట్లెక్కుతాంటె గూడ చెప్తనే ఉన్న. కథ ఇంక జరంతనే ఉండె." అప్పుడు మొదటిసారి నా వైపు తిరిగింది. ముఖంలో నిష్ఠూరం లేదు, జరిగింది చెబుతున్నట్టే ఉంది. "నువ్వు పిల్లను తీసుకున్నవ్. ఊరుకో అన్నవ్."

వినడమే నా ఉద్యోగం. ఇరవై ఏళ్లుగా అదే. ఇప్పుడు దానికి సర్టిఫికెట్ కూడా ఉంది. ఆ తల్లి ఏం చెబుతోందో వినకుండా నోరు మూయించింది నేను. ఆమె ఎదురుచూసింది. బోరింగు లోంచి మిగిలిన నీళ్లు కారుతున్నాయి.

"కుందేలు గుహల నుంచి బయటికొచ్చింది" అంది, మొదలుపెడుతూ. ఆగింది. నన్ను చూసింది.

"ఊఁ అనవేందక్కా?"

"ఊఁ" అన్నాను.